వార్సా కంచు రౌతు

వార్సా నగరంలో క్రకోవ్‌స్కె ప్షెద్‌మ్యేష్చె అనే రాజవీధి ఉంది. ఆ వీధిలో పోలండ్ అధ్యక్ష భవనం ముందు ఎత్తైన దిమ్మె మీద ఒక కంచు గుర్రం నెమ్మదిగా అడుగేస్తున్నట్టు నిలబడి ఉంటుంది. దాని మీది రౌతు కుడిచేత్తో పొట్టి కత్తిని ముందుకు చాచి, ఎవరికో దారి చూపిస్తున్నట్టు కనిపిస్తాడు. ఒంటి మీద ఉన్నది పాతకాలపు రోమన్ సేనాపతి దుస్తులు. చరిత్ర తెలియనివాళ్లు ఎవరో రోమన్ చక్రవర్తి అనుకుని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కానీ ఆయన రోమన్ కాదు, ప్రాచీనుడూ కాదు. పేరు యూజెఫ్ పొన్యతోవ్‌స్కీ. నెపోలియన్ వైపు నిలిచి పోరాడి 1813లో లైప్‌జిగ్ దగ్గర నదిలో మునిగి చనిపోయిన పోలిష్ సేనాని. పోలండ్ జాతీయ వీరుల వరసలో ముందుండే ఈయన పుట్టింది పోలండ్‌లో కాదు, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో.

ఇప్పుడు అక్కడున్న కంచు కూడా మొదట పోసినది కాదు. మొదటిది తయారయ్యాక తొంభై ఏళ్లపాటు వార్సా జనం కంట పడనివ్వలేదు. కొన్నాళ్లు కోటలో మూలుగింది, ఎనభై ఏళ్ల దాకా శత్రువు తోటలో అలంకారంగా ఉంది, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు కూడా వార్సాలో నిలవకముందే పేలుడు పదార్థాలకు బలైంది. ఒక మనిషిని చంపినంత కసిగా ఒక విగ్రహాన్ని వెంటాడటం ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ మనిషి సంగతి తెలియాలి.

పొన్యతోవ్‌స్కీ 1763 మే 7న పుట్టాడు. తండ్రి ఆంజెయ్ ఆస్ట్రియా సైన్యంలో సేనాధికారి, తల్లి తెరేజా కిన్‌స్కీ చెక్ మూలాలున్న ఆస్ట్రియా సామంత కుటుంబపు ఆడపడుచు. తండ్రికి సొంత అన్న అయిన స్తనిస్వాఫ్ ఆగస్ట్ 1764లో పోలండ్ రాజయ్యాడు. పోలండ్ చివరి రాజు ఆయనే. పదేళ్లు నిండకముందే తండ్రిని పోగొట్టుకున్న యూజెఫ్ మంచిచెడ్డలు ఆ రాజే చూసుకున్నాడు. కుర్రవాడు పెరిగి ఆస్ట్రియా సైన్యంలోనే చేరాడు. 1788లో తుర్కులతో జరిగిన యుద్ధంలో షాబాత్స్ కోట ముట్టడిలో బాగా గాయపడ్డాడు. ఆ పోరులోనే ష్వార్‌త్‌సెన్‌బర్గ్ అనే తోటి యువ అధికారి ప్రాణం కాపాడాడని చెబుతారు. పాతికేళ్ల తర్వాత లైప్‌జిగ్‌లో నెపోలియన్ మీదికి వచ్చిన మిత్రసేనలకు నాయకుడు ఆ ష్వార్‌త్‌సెన్‌బర్గే.

ఈలోగా పోలండ్ కుదించుకుపోతోంది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి 1772లోనే దాని భూభాగంలో తలో ముక్కా తీసుకున్నాయి. మిగిలిన దేశాన్ని నిలబెట్టుకోవాలని వార్సాలో సంస్కరణలు మొదలయ్యాయి, సైన్యాన్ని పెంచాలని తీర్మానించారు. 1789లో రాజు కబురు పెట్టగానే పొన్యతోవ్‌స్కీ ఆస్ట్రియా కొలువు వదిలి వచ్చేశాడు. పుట్టిన ఊరు, నేర్చిన కొలువు, తల్లివైపు బంధువర్గం అన్నీ అటే ఉన్నాయి. వెళ్లకపోయినా తప్పుపట్టేవాళ్లు లేరు. ఆయన వ్యక్తిత్వం గురించి ఏం చెప్పాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. పోలిష్‌తనం ఆయనకు పుట్టిన గడ్డ వల్ల వచ్చినది కాదు, ఎంచుకున్నది.

1791 మే 3న పోలండ్ కొత్త రాజ్యాంగం ప్రకటించుకుంది. ఐరోపాలో తొలి ఆధునిక లిఖిత రాజ్యాంగంగా దానికి పేరు. మరుసటి ఏడాదే రష్యా దండెత్తింది. దక్షిణాన సైన్యాన్ని నడిపిన పొన్యతోవ్‌స్కీ 1792 జూన్ 18న జెలెన్‌త్సె దగ్గర రష్యన్లను ఓడించాడు. ఆ విజయానికి గుర్తుగా రాజు నెలకొల్పిన ‘వీర్తూతి మిలితారి’ ఈనాటికీ పోలండ్‌లో అత్యున్నత సైనిక పురస్కారం. దాన్ని మొదట అందుకున్నవాళ్లలో పొన్యతోవ్‌స్కీ, సేనాని కొష్చుష్కో ఇద్దరూ ఉన్నారు. అయితే నెల తిరిగిందో లేదో రాజు భయపడి రష్యా పక్షపు కూటమిలో చేరిపోయాడు. పెదతండ్రి లొంగిపోవడం తమ్ముడి కొడుకుకు మింగుడుపడలేదు. సైన్యం నుంచి తప్పుకున్నాడు. 1794లో కొష్చుష్కో తిరుగుబాటు లేవదీసినప్పుడు మాత్రం, ఒకప్పుడు తన కింద పనిచేసిన కొష్చుష్కో నాయకత్వంలో తానే వచ్చి చేరాడు. తిరుగుబాటు ఓడింది. 1795లో పోలండ్ మ్యాపులోంచే మాయమైంది. వార్సా ప్రష్యా చేతికి వచ్చింది.

తర్వాత చాలా ఏళ్లు పొన్యతోవ్‌స్కీ విందులు, నాటకాలు, స్నేహితురాళ్లతో వార్సాలో కాలక్షేపం చేశాడు. వీరగాథలు రాసేవాళ్లు ఈ భాగాన్ని గబగబా దాటేస్తుంటారు గానీ, ఆయన మీద వార్సా జనానికున్న మక్కువలో ఆ షోకిలా రాకుమారుడి వాటా తక్కువేమీ కాదు.

1806లో నెపోలియన్ ప్రష్యాను చిత్తుచేసి వార్సా దాకా వచ్చాడు. 1807లో వార్సా డచీ అనే చిన్న రాజ్యం ఏర్పడింది. దానికి యుద్ధమంత్రిగా, సైన్యాధిపతిగా పొన్యతోవ్‌స్కీ కుదురుకున్నాడు. 1809లో ఆస్ట్రియా సేనలు దండెత్తినప్పుడు ఏప్రిల్ 19న రషిన్ దగ్గర తనకన్నా ఎంతో పెద్ద సైన్యాన్ని రోజంతా నిలువరించాడు. ఆ తర్వాత చేసిన పని చాలామంది ఊహించనిది. వార్సాను కాపాడుకోవడానికి బలగాన్నంతా అరగదీయకుండా, ఒప్పందం మీద నగరం వదిలేసి, ఆస్ట్రియా పాలనలో ఉన్న గలీషియాలోకి చొరబడ్డాడు. జులైకల్లా పాత రాజధాని క్రాకో ఆయన చేతిలో ఉంది. తాను ఏ సైన్యంలో ఓనమాలు దిద్దాడో ఆ సైన్యాన్నే ఓడించాడు.

1812లో నెపోలియన్ రష్యా మీదికి వెళ్లినప్పుడు ఆ మహాసేనలో లక్షకు దగ్గరగా పోలిష్ సైనికులు ఉన్నారు. ప్రధాన పోలిష్ దళమైన అయిదో కోర్ పొన్యతోవ్‌స్కీది. చలిలో, ఆకలితో వెనక్కి వచ్చిన ఆ దండయాత్రలో తక్కిన దళాలు ఫిరంగులను మంచులో వదిలేసి వస్తే, పోలిష్ దళం మాత్రం తనవి వెంట తెచ్చుకుంది. నెపోలియన్ పని అయిపోయిందని అందరికీ తెలుస్తోంది. జార్ అలెగ్జాండర్ వైపు నుంచి రాయబారాలూ వచ్చాయి. పొన్యతోవ్‌స్కీ కాదన్నాడు. మిగిలిన సైన్యంతో జర్మనీ వెళ్లి నెపోలియన్‌ను కలుసుకున్నాడు.

1813 అక్టోబర్ 16 నుంచి 19 దాకా లైప్‌జిగ్ చుట్టూ జరిగిన పోరును ‘జాతుల యుద్ధం’ అంటారు. రెండువైపులా కలిపి సుమారు అయిదు లక్షల మంది తలపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధం వరకూ ఐరోపాలో అంతకు మించిన యుద్ధం లేదు. మొదటిరోజే నెపోలియన్ పొన్యతోవ్‌స్కీని ఫ్రాన్స్ మార్షల్‌గా ప్రకటించాడు. ఆ హోదా దక్కిన విదేశీయుడు నెపోలియన్ మార్షల్స్‌లో ఈయన ఒక్కడే. నాలుగో రోజు ఉదయానికి ఓటమి ఖాయమైంది. ఫ్రెంచి సేన ఎల్‌స్టర్ నది మీది ఒకే ఒక్క వంతెన దాటి పడమరకు పోతోంది. వెనక ఉండి శత్రువును ఆపే పని పొన్యతోవ్‌స్కీ దళానికి, మరికొన్ని దళాలకు అప్పజెప్పారు. అందరూ దాటాక వంతెనను పేల్చేయాలని మందుగుండు అమర్చి, చివరికి ఆ బాధ్యతను ఒక కార్పొరల్‌కు వదిలిపెట్టారు. దూరంగా శత్రు సైనికులు కనిపించగానే అతడు కంగారుపడి నిప్పంటించాడు. అప్పటికి వంతెన మీద మనుషులు, బళ్లు కిక్కిరిసి ఉన్నాయి. ఇవతలి ఒడ్డున వేలాదిమంది చిక్కుకుపోయారు. అప్పటికే పలుచోట్ల గాయపడ్డ పొన్యతోవ్‌స్కీ గుర్రాన్ని నీళ్లలోకి దూకించాడు. వానలకు ఉబ్బిన నది, నిటారుగా జారుడుగా ఉన్న అవతలి ఒడ్డు. గుర్రం పైకి ఎక్కలేకపోయింది. ఆయన శవం దొరకడానికి కొన్ని రోజులు పట్టింది. మార్షల్‌గా ఆయన బతికింది మూడు రోజులు, మనిషిగా యాభై ఏళ్లు.

ఆ చావు ఐరోపా అంతటా బొమ్మలకెక్కింది. ఫ్రెంచి చిత్రకారుడు ఒరాస్ వెర్నే గీసిన చిత్రంలో గుర్రం గట్టు మీంచి నీళ్లలోకి లంఘిస్తుంటుంది. పారిస్ విజయతోరణం మీద చెక్కిన పేర్లలో ఆయన పేరుంది, ఆ నగరంలో ఆయన పేరిట రోడ్డూ ఉంది. పార్థివదేహాన్ని 1814లో వార్సా తీసుకొచ్చారు. 1817లో క్రాకోలోని వావెల్ చర్చిలో, పోలండ్ రాజుల సమాధుల మధ్య ఉంచారు.

వార్సాలో విగ్రహం పెట్టాలన్న ఆలోచన వెంటనే మొదలైంది. ఇక్కడ విచిత్రం ఏమిటంటే అనుమతి ఇచ్చింది రష్యా జార్ అలెగ్జాండర్. నెపోలియన్ పతనం తర్వాత వార్సా, దాని చుట్టుపక్కల ప్రాంతం పోలండ్ రాజ్యం అనే పేరుతో జార్ కిందికి వచ్చాయి. సొంత శాసనసభ, సొంత సైన్యం ఉన్నా, కిరీటం మాత్రం జార్‌ది. కొత్త ప్రజల మనసు గెలుచుకోవాలనుకున్న అలెగ్జాండర్, తన మీద కత్తి ఎత్తిన మనిషికే విగ్రహం కట్టుకోనిచ్చాడు. ప్రజలు చందాలు వేసుకున్నారు. శిల్పిగా రోమ్‌లో స్థిరపడిన డెన్మార్క్ వాసి బెర్టెల్ థోర్‌వాల్‌సెన్‌ను ఎంచుకున్నారు. కొయ్యబొమ్మలు చెక్కే ఐస్‌లాండ్ వాసికి పుట్టిన ఈయన ఆ రోజుల్లో ఐరోపాలో మొదటి వరస శిల్పి. 1820లో వార్సా వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు, జార్ ముఖశిల్పం కూడా చేశాడు. అదే వీధిలో ఆకాశాన్ని చూస్తూ కూర్చున్న కోపర్నికస్ విగ్రహం కూడా ఆయనదే.

గొడవ దుస్తుల దగ్గర వచ్చింది. జనం మనసులో ఉన్నది వెర్నే చిత్రం. ఉలాన్ల (బల్లెపు రౌతుల) యూనిఫాం, నలుపలకల టోపీ, నీళ్లలోకి దూకుతున్న గుర్రం. ఆ టోపీ, ఆ యూనిఫాం పోలిష్ సైనికుడి గుర్తింపు. థోర్‌వాల్‌సెన్ మాత్రం ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పమే ప్రమాణమని నమ్మిన కాలపు కళాకారుడు. ఫ్యాషన్ మారుతుందనీ, నిన్నటి కోటు రేపు నవ్వులపాలవుతుందనీ, వీరుణ్ని ఏ కాలానికీ చెందని వేషంలో చూపాలనీ ఆ సంప్రదాయం వాదన. అందుకు నమూనా రోమ్ కాపిటల్ కొండ మీది మార్కస్ ఆరేలియస్ విగ్రహం. రోమన్ చక్రవర్తుల గుర్రపు విగ్రహాల్లో చెక్కుచెదరకుండా మిగిలినది దాదాపు అదొక్కటే. అది మిగలడానికి కారణం కూడా తమాషాగా ఉంటుంది. మధ్యయుగంలో అది క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టంటైన్ బొమ్మ అని పొరబడ్డారు కాబట్టి కరిగించకుండా వదిలేశారు. థోర్‌వాల్‌సెన్ తయారుచేసిన నమూనాలో ఆ విగ్రహపు ఛాయలు స్పష్టం. అదే నింపాది నడక, అదే చాచిన కుడిచేయి. చక్రవర్తి చేతిలో ఏమీ లేదు, పొన్యతోవ్‌స్కీ చేతిలో కత్తి ఉంది. వార్సాలో చాలామందికి ఇది రుచించలేదు. యూనిఫాం కుదురుగా వేసుకోవడానికి పేరుపడ్డ మనిషిని రోమనుడిలా కాళ్లకు ప్యాంటు కూడా లేకుండా కూర్చోబెడతారా అని సణుగుడు వినపడింది. శిల్పి పట్టు సడలించలేదు.

గుర్రపు విగ్రహాల గురించి ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. గుర్రం రెండు ముందుకాళ్లు ఎత్తితే రౌతు యుద్ధంలో చనిపోయాడనీ, ఒక కాలు ఎత్తితే గాయపడి తర్వాత పోయాడనీ, నాలుగూ నేల మీదుంటే మామూలు చావనీ అంటారు. వాట్సాప్‌లో ఇది తెలుగులోనూ తిరుగుతుంటుంది. శిల్పులు అలాంటి నియమమేదీ పాటించలేదనడానికి వార్సా విగ్రహమే రుజువు. యుద్ధభూమిలో చనిపోయిన మనిషి గుర్రం ఇక్కడ ఒక్క కాలే ఎత్తింది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. ఇక్కడి గుర్రం మూడు కాళ్ల మీదే ఉంది, రౌతు మాత్రం మెత్తనివాడు కాడు. అసలు కారణం బరువుకు సంబంధించినది. టన్నుల కొద్దీ కంచు సన్నటి కాళ్ల మీద నిలబడాలి. మూడు కాళ్లు ఆనితే శిల్పికి ధైర్యం, ఒకటి లేస్తే బొమ్మకు ప్రాణం. రెండు వెనక కాళ్ల మీదే గుర్రాన్ని నిలపాలంటే తోకను నేలకు ఆనించడం, లోపల ఇనుము దన్నుగా పెట్టడం లాంటి తంటాలు చాలా పడాలి.

ఇలాంటి విగ్రహాన్ని శిల్పి నేరుగా కంచులో చేయడు. ముందు చిన్న మట్టిబొమ్మ చేస్తాడు. అది నచ్చాక నిలువెత్తు మట్టిబొమ్మ. మట్టి ఆరితే పగిలిపోతుంది కాబట్టి దాని మీద అచ్చు తీసి ప్లాస్టర్‌లో పోస్తారు. ఈ ప్లాస్టర్ బొమ్మే అసలు నమూనా. శిల్పి చివరి మెరుగులు దిద్దేది దీనికే. పోతపని వాళ్లు దాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి అచ్చులు కట్టి, కరిగిన కంచు పోసి, చల్లారాక ముక్కలను అతికి, అతుకులు కనపడకుండా సానపడతారు. రాగిలో తగరం కలిస్తే కంచు. అది అచ్చులోని సన్నటి గీతను కూడా పట్టుకుంటుంది. విగ్రహం లోపల డొల్లగా ఉంటుంది, లేకపోతే దిమ్మె మోయలేదు. పోత అయిపోయాక ప్లాస్టర్‌తో పని తీరినట్టే. చాలాచోట్ల దాన్ని పారేసేవాళ్లు. ఫొటో కడిగాక నెగెటివ్‌ను దాచుకునేవాళ్లు కొందరే ఉన్నట్టు, థోర్‌వాల్‌సెన్ తన నమూనాలను దాచుకున్నాడు. ఆ అలవాటు విలువ వందేళ్ల తర్వాత గానీ తెలిసిరాలేదు.

థోర్‌వాల్‌సెన్ చేతిలో ఎప్పుడూ డజన్ల కొద్దీ పనులుండేవి. ఒప్పుకున్న పని ఏళ్ల తరబడి సాగింది. నమూనా 1820లు సగం దాటాక గానీ పూర్తికాలేదు. కంచుపోత వార్సాలోనే జరిగి 1832లో ముగిసింది. రెండేళ్లు ముందయి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. 1830 నవంబర్ 29 రాత్రి వార్సాలో యువ సైనికాధికారులు రష్యా మీద తిరగబడ్డారు. అది పూర్తిస్థాయి యుద్ధంగా మారింది. 1831 సెప్టెంబర్‌లో సేనాని ఇవాన్ పాస్కెవిచ్ వార్సాను పట్టుకున్నాడు. అలెగ్జాండర్ స్థానంలో ఉన్న కొత్త జార్ మొదటి నికొలస్‌కు బుజ్జగింపుల మీద ఆసక్తి లేదు. పోలండ్ రాజ్యాంగం పోయింది, సైన్యం పోయింది, విశ్వవిద్యాలయం మూతపడింది. అలాంటి సమయంలో రష్యాతో పోరాడిన పోలిష్ సేనాని కంచు విగ్రహం తళతళలాడుతూ పోతశాలలోంచి బయటికొచ్చింది. నిలబెట్టడానికి వీల్లేదని ఆజ్ఞ వచ్చింది.

విగ్రహాన్ని ముక్కలుగా విడదీసి వార్సాకు ఉత్తరాన ఉన్న మోద్లిన్ కోటకు తరలించారు. కొన్నేళ్ల తర్వాత జార్ దాన్ని పాస్కెవిచ్‌కు బహుమతిగా ఇచ్చేశాడు. వార్సాను గెలిచినందుకు అప్పటికే ఆయనకు ‘వార్సా ప్రిన్స్’ అని బిరుదిచ్చి, పోలండ్ రాజ్యానికి జార్ ప్రతినిధిగా నియమించారు. ఆయనకు ఇప్పటి బెలారూస్‌లో ఉన్న హోమెల్‌లో సోజ్ నది ఒడ్డున పెద్ద భవంతి, తోట ఉన్నాయి. 1840ల ఆరంభంలో కంచు పొన్యతోవ్‌స్కీ ఆ భవనం ముందుకు చేరాడు. వేటాడిన జంతువుల తలలు గోడకు తగిలించుకున్నట్టే అనుకోవాలి. కాకపోతే అలా తగిలించుకోవడం వల్లే అది కరిగిపోకుండా బతికింది. పోలండ్ నుంచి వెళ్లిన ప్రయాణికులు అక్కడ ఆగి, తమ వీరుణ్ని పరాయి తోటలో చూసి వచ్చేవాళ్లు.

వార్సా వీధిలో ఖాళీ అలాగే ఉండిపోలేదు. 1870లో క్రకోవ్‌స్కె ప్షెద్‌మ్యేష్చెలో, జార్ ప్రతినిధి భవనం (ఇప్పటి అధ్యక్ష భవనం) ముందే, పాస్కెవిచ్ విగ్రహం పెట్టారు. ఆవిష్కరణకు జార్ రెండో అలెగ్జాండర్ స్వయంగా వచ్చాడు. వార్సా జనం దాని పక్కనుంచి నలభై ఏడేళ్లు నడిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లు నగరం వదిలి వెళ్లాక, 1917లో జర్మన్ ఆక్రమణ కాలంలో దాన్ని తీసేశారు.

1918లో పోలండ్ మళ్లీ స్వతంత్ర దేశమైంది. తర్వాత సోవియట్ రష్యాతో యుద్ధం, 1921 మార్చి 18న రీగా ఒప్పందం. ఆ ఒప్పందం ప్రకారం, పంపకాల కాలంలో రష్యా ఎత్తుకెళ్లిన పోలిష్ కళాఖండాలు, గ్రంథాలు, పత్రాలు తిరిగివ్వాలి. ఆ జాబితాలో విగ్రహమూ ఉంది. 1919లో జరిగిన ఒక తిరుగుబాటులో హోమెల్ భవనం దెబ్బతిన్నా విగ్రహం గట్టెక్కింది. 1922లో రైలెక్కి వార్సా చేరింది. కొంతకాలం రాజకోట ప్రాంగణంలో ఉంచి, 1923 మే 3న, రాజ్యాంగ దినోత్సవం నాడు, సాక్సన్ కూడలిలో ఆవిష్కరించారు. ముఖ్య అతిథి ఫ్రాన్స్ సేనాని ఫెర్డినాండ్ ఫోష్. ఆయనకు కొద్ది వారాల ముందే పోలండ్ మార్షల్ హోదా ఇచ్చారు. ఫ్రాన్స్ మార్షల్ అయిన పోలిష్ వీరుడి విగ్రహాన్ని పోలండ్ మార్షల్ అయిన ఫ్రెంచి వీరుడి సమక్షంలో నిలబెట్టారన్నమాట. అప్పటికి అదే కూడలిలో రష్యన్ పాలకులు కట్టిన భారీ ఆర్థడాక్స్ చర్చి ఇంకా ఉంది. తర్వాతి రెండు మూడేళ్లలో దాన్ని కూల్చేశారు. పాలన మారినప్పుడు రాయీ కంచూ మారడం ఒక్క జార్లకే పరిమితమైన అలవాటు కాదు.

రోమన్ దుస్తుల మీద సణుగుడు ఈసారి పెద్దగా వినిపించలేదు. పోలిష్ యూనిఫాంలో గనక ఉండి ఉంటే హోమెల్ తోటలో ఆ విగ్రహాన్ని అంతకాలం ఉండనిచ్చేవాళ్లా అన్నది ఆలోచించదగ్గదే. రోమనుడి వేషంలో ఉంది కాబట్టి ఒక సామ్రాజ్య సేనాని ముంగిట అలంకారంగా కూడా చెల్లింది. శిల్పి మొండితనం, తెలిసో తెలియకో, విగ్రహానికి కవచమైంది.

1925లో సాక్సన్ భవనపు స్తంభాల వరస కింద అజ్ఞాత సైనికుడి సమాధి ఏర్పడింది. దాని ముందు పొన్యతోవ్‌స్కీ ఉన్నాడు. దేశ సైనిక ఉత్సవాలన్నిటికీ అదే వేదిక. 1939 సెప్టెంబర్‌లో జర్మనీ దాడి చేసింది. వార్సా లొంగిపోయాక ఆ కూడలికి హిట్లర్ పేరు పెట్టారు. అయినా విగ్రహాన్ని అప్పుడు ముట్టుకోలేదు. 1944 ఆగస్టులో వార్సా ప్రజలు తిరగబడి, అరవై మూడు రోజులు పోరాడి ఓడిపోయారు. జర్మన్లు బతికున్న జనాన్నంతా నగరం నుంచి వెళ్లగొట్టి, ఖాళీ నగరాన్ని వీధి తర్వాత వీధిగా పేల్చేయడం మొదలుపెట్టారు. దానివల్ల సైనిక ప్రయోజనమేమీ లేదు. నగరమన్నదే మిగలకూడదన్నది ఉద్దేశం. ఆ డిసెంబర్‌లోనే పొన్యతోవ్‌స్కీ విగ్రహం తునాతునకలైంది. నెలాఖరుకు సాక్సన్ భవనం కూడా పోయింది. స్తంభాల వరసలో మూడు తోరణాల ముక్క మాత్రం మిగిలింది. అజ్ఞాత సైనికుడి సమాధి ఇప్పటికీ ఆ ముక్క కిందే ఉంది. కోపర్నికస్ విగ్రహం అదృష్టం కాస్త మెరుగు. తుక్కు కింద కరిగించడానికి సైలీషియా వైపు తీసుకెళ్లారు గానీ, కరిగించేలోపు యుద్ధం ముగిసింది, దొరికింది, తిరిగొచ్చింది.

పొన్యతోవ్‌స్కీ విషయంలో దొరకడానికి ఏమీ లేదు, కోపెన్‌హేగెన్‌లోని ప్లాస్టర్ తప్ప. థోర్‌వాల్‌సెన్ తన నమూనాలన్నిటినీ సొంత ఊరికి రాసిచ్చాడు. వాటికోసం కట్టిన మ్యూజియం ఆయన పోయిన నాలుగేళ్లకు, 1848లో తెరిచారు. లోపలికి అడుగుపెట్టగానే కనిపించే పెద్ద హాల్లో తెల్లటి గుర్రం మీద తెల్లటి పొన్యతోవ్‌స్కీ ఉంటాడు. హోమెల్‌లో కంచు బొమ్మ బందీగా ఉన్న కాలంలోనూ, వార్సాలో అది పేలిపోయిన రోజునా ఈ ప్లాస్టర్ బొమ్మ అక్కడే ఉంది. యుద్ధం తర్వాత డెన్మార్క్ ఆ నమూనా నుంచి కొత్తగా కంచు పోయించి పోలండ్‌కు కానుకగా ఇచ్చింది.

1950ల ఆరంభంలో వార్సా చేరిన కొత్త విగ్రహానికి మొదట దొరికిన చోటు వజియెంకి ఉద్యానంలో పాత ఆరెంజరీ ముందు. ఆ తోటను తీర్చిదిద్దింది పెదతండ్రి స్తనిస్వాఫ్ ఆగస్టే కాబట్టి చోటు అనుచితమని అనలేం. అయితే మాస్కోకు విధేయంగా ఉన్న ప్రభుత్వానికి, రష్యాతో పోరాడిన రాకుమారుణ్ని నగరం నడిబొడ్డున నిలపడం కంటే చెట్ల మధ్య ఉంచడం సుఖంగా తోచి ఉండవచ్చు. 1965లో ఆ మొహమాటం కూడా తీరింది. విగ్రహాన్ని క్రకోవ్‌స్కె ప్షెద్‌మ్యేష్చెకు తెచ్చి ఒకనాటి ప్రతినిధి భవనం ముందు పెట్టారు. అంటే ఒకప్పుడు పాస్కెవిచ్ నిలబడ్డ చోట. విగ్రహాన్ని తోటలో బందీగా ఉంచినవాడి స్థానంలోకి చివరికి ఆ బందీయే వచ్చాడు.

ఆ భవనానికీ చరిత్ర తక్కువేం లేదు. 1955లో సోవియట్ కూటమి దేశాలు వార్సా ఒప్పందం మీద సంతకాలు చేసింది దానిలోనే. 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం, సాలిడారిటీ కార్మికోద్యమ నాయకులు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని చర్చించుకున్నదీ దానిలోనే. 1994 నుంచి అది దేశాధ్యక్షుడి నివాసం. 2010 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లేఖ్ కచిన్‌స్కీ విమాన ప్రమాదంలో చనిపోయినప్పుడు లక్షల మంది ఆ ముంగిట పూలు, కొవ్వొత్తులు పెట్టి వెళ్లారు.

వార్సా వెళ్లే తెలుగువాళ్లు ఈ విగ్రహాన్ని పగలైనా రాత్రయినా చూడవచ్చు. వీధి పక్కనే, నాలుగు రాతి సింహాల వెనక బాగా కనిపిస్తుంది. శిల్పి చేయి తగిలిన బొమ్మను చూడాలనుకుంటే మాత్రం కోపెన్‌హేగెన్ మ్యూజియానికి వెళ్లాలి. 1832లో పోసిన కంచు ఇప్పుడు లేదు. దాని స్థానంలోకి వచ్చిన రెండో పోతను 1965లో అధ్యక్ష భవనం ముందు పెట్టాక ఎవరూ అక్కడి నుంచి కదపలేదు.